యాపిల్ మ్యాక్ విభాగానికి విశాఖ నుంచి: కొత్త చిప్ కంటే ముందు ఆ 256 జీబీ సంగతి చూడండి

విశాఖపట్నం
డిసెంబర్ 2025

యాపిల్ కంపెనీలో మ్యాక్ కంప్యూటర్ల మోడళ్లూ ధరలూ నిర్ణయించే పెద్దలకు,

నమస్కారం.

నేను అక్కయ్యపాలెంలో వీడియో ఎడిటింగ్ నేర్పుతాను. పెళ్లి వీడియోలు, షార్ట్ ఫిల్ములు, యూట్యూబ్ ఛానళ్ల పని చేసుకుని నిలదొక్కుకోవాలనుకునే పిల్లలు నా దగ్గరికి వస్తారు. గాజువాక, పెందుర్తి, భీమిలి నుంచి రోజూ బస్సెక్కి వచ్చేవాళ్లు కొందరు. శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు వైపు నుంచి వచ్చి ఇక్కడ రూమ్ తీసుకుని ఉండేవాళ్లు కొందరు. కోర్సు సగానికి వచ్చేసరికి అందరూ అడిగేది ఒకటే. "సార్, ఇప్పుడు కొనెయ్యమంటారా, కొత్తది వచ్చేదాకా ఆగమంటారా?" ఈ డిసెంబర్‌లో ఆ ప్రశ్న మరీ ఎక్కువైంది. నాకు తోచింది నేను చెప్తున్నాను గానీ, దానికి సరైన జవాబు మీ చేతుల్లోనే ఉంది.

వచ్చే ఏడాది మీరు తేబోయే చిప్ ఎంత వేగంగా ఉంటుందోనన్న బెంగ నాకు లేదు. మీ చిప్‌ల మీద నాకు నమ్మకముంది. నా విన్నపమల్లా ఒక్కటే. మ్యాక్‌బుక్ ఎయిర్, మ్యాక్ మినీ, ఐమ్యాక్, ఈ మూడింటి బేస్ మోడల్‌ను, అంటే అన్నిటికంటే తక్కువ ధరదాన్ని, ఇక 256 జీబీ స్టోరేజ్ దగ్గర ఉంచకండి. 512 చేయండి. ధర పెంచకుండా చేయండి.

ముందు, మీ నుంచి ఏమేం రావచ్చని మేమిక్కడ లెక్కలు వేసుకుంటున్నామో చెప్తాను. మీ పాత తేదీలు చూసి కట్టిన లెక్కలే ఇవి. ఎం3 చిప్ ఉన్న ఎయిర్ 2024 మార్చిలో వచ్చింది. ఎం4 ఎయిర్ 2025 మార్చిలో వచ్చింది. మొన్న అక్టోబర్ 15న ఎం5 చిప్ ప్రకటించి 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో పెట్టారు. కాబట్టి ఎం5 ఎయిర్ 2026 మార్చికి అటూఇటూగా వస్తుందని నా అంచనా. అక్టోబర్‌లో ఎం5 ప్రో, ఎం5 మ్యాక్స్ రాలేదు గనక అవీ ఏడాది మొదటి నెలల్లోనే రావాలి. 2023లో ఎం2 ప్రో, ఎం2 మ్యాక్స్ అలాగే జనవరిలో వచ్చాయి. మినీ విషయంలో మాత్రం ఏ లెక్కా కుదరదు. 2014 తర్వాత నాలుగేళ్లు ఆగి 2018లో ఒకటి తెచ్చారు, ఆపైన 2020 చివర్లో, 2023 జనవరిలో, 2024 అక్టోబర్‌లో తెచ్చారు. ఎం3 మినీ అసలు రానేలేదు. ఐమ్యాక్ ఎం1 నుంచి నేరుగా ఎం3కి దూకింది. మ్యాక్ స్టూడియో, మ్యాక్ ప్రో మా పిల్లల స్తోమతకు అందేవి కావు గనక వాటి జోలికి వెళ్లను.

ఎం5 మంచి చిప్పే. మెమరీ బ్యాండ్‌విడ్త్, అంటే చిప్‌కీ మెమరీకీ మధ్య డేటా కదిలే వేగం, ఎం4లో సెకనుకు 120 జీబీ ఉంటే ఇందులో 153. జీపీయూ, అంటే గ్రాఫిక్స్ భాగం, అందులోని ప్రతి కోర్‌లోనూ ఏఐ పనులు వేగంగా చేసే న్యూరల్ యాక్సిలరేటర్ పెట్టారు. మాస్కింగ్, నాయిస్ తగ్గించడం లాంటి పనులకు అది బాగా పనికొస్తుంది. కానీ నా క్లాసులో ఒకమ్మాయి 2020 నాటి ఎం1 ఎయిర్ మీద ఈ రోజుకీ 4కే టైమ్‌లైన్ కట్ చేస్తోంది. చిప్ ఏనాడూ ఆమెకు అడ్డం రాలేదు. అడ్డం వస్తున్నది చోటు.

ఆ చోటు లెక్క మీకు వివరంగా చెప్పాలి. మా తెలుగు పెళ్లి ఒక పూటలో అయ్యేది కాదు. పెళ్లికూతుర్ని చేయడం, ఎదురుకోలు, గౌరీపూజ, స్నాతకం, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు, ఆ తర్వాత రిసెప్షన్. ముహూర్తం అర్ధరాత్రి దాటాక పడితే కెమెరాలు తెల్లవార్లూ నడుస్తూనే ఉంటాయి. సెకనుకు 100 మెగాబిట్ల 4కే రికార్డింగ్ అంటే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు చెరో ఐదు గంటలు తీసినా 450 జీబీ అవుతుంది. డ్రోన్, గింబల్ షాట్లు ఇందులో కలపలేదు.

ఇదంతా కంప్యూటర్ లోపలే పెట్టుకోవాలని నేను అనడం లేదు. ఫుటేజ్ బయటి డ్రైవ్‌లోనే ఉండాలి, ఇంకో కాపీ మరో డ్రైవ్‌లో ఉండాలి, ఇది నా క్లాసులో మొదటి పాఠం. 512 ఇచ్చినా పెళ్లి మొత్తం లోపల పట్టదని నాకు తెలుసు. నేను మాట్లాడుతున్నది ప్రాక్సీల గురించి, అంటే ఎడిటింగ్ తేలిగ్గా సాగడానికి ఫుటేజ్ నుంచి చేసుకునే చిన్న సైజు కాపీల గురించి. బేస్ మోడల్ మీద రెండు మూడు లేయర్ల 4కే సాఫీగా కదలాలంటే ప్రాక్సీలు చేసుకోవాలి. మీ సొంత వీడియో ఫార్మాట్ ప్రోరెస్ ప్రాక్సీనే తీసుకుందాం. సెకనుకు 25 ఫ్రేములు, 1080 సైజులో గంటకు 17 జీబీ. పది గంటలకు 170. ఇప్పుడు మీ 256 జీబీ మ్యాక్‌లో సెట్టింగ్స్ తెరిచి స్టోరేజ్ చూడండి. మొత్తం 245 అని చూపిస్తుంది. అందులో సిస్టమ్ పోవాలి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పోవాలి, ఫాంట్లు, లట్‌లు (రంగులు మార్చే ఫైళ్లు), సంగీతం, టైటిల్ టెంప్లేట్లు పోవాలి. మిగిలిన దాంట్లో 170 జీబీ ప్రాక్సీలు పెడితే రెండర్ క్యాష్‌కి, అంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రాసుకునే తాత్కాలిక ఫైళ్లకు, చోటుండదు. మెమరీ (ర్యామ్) నిండినప్పుడు సిస్టమ్ అందులో పట్టనిదాన్ని స్వాప్‌గా ఎస్‌ఎస్‌డీ మీదే రాసుకుంటుంది కదా, దానికీ ఉండదు. అదే 512 మోడల్ 494 చూపిస్తుంది. అందులో ఒక పెళ్లి ప్రాక్సీలు, క్యాష్, సాఫ్ట్‌వేర్ అన్నీ పట్టి ఇంకా ఊపిరాడుతుంది. ఒక్క పని మొదలుపెట్టి, అదే మెషిన్ మీద పూర్తి చేసి, క్లయింట్‌కి ఇచ్చి, చెరిపేసి, తర్వాతి పనికి వెళ్లే వీలు ఆ రెండు అంకెల మధ్యనే ఉంది.

చోటు లేకపోతే పిల్లలు ఏం చేస్తారో దగ్గరుండి చూస్తాను. మినీ పక్కన ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ, దాన్ని మినీ మీదే డబుల్ టేప్‌తో అంటిస్తారు. కేబుల్ పొట్టిది, కాస్త బిగుతుగా ఉంటుంది. క్యాష్, ప్రాక్సీలు, ప్రాజెక్టు అన్నీ దాని మీదే. ఎవరో కుర్చీ జరుపుతారు, టేబుల్ కదులుతుంది, కేబుల్ వెంట్రుకవాసి వదులవుతుంది. స్క్రీన్ మూల డిస్క్ సరిగ్గా తీయలేదని నోటీసు వస్తుంది, టైమ్‌లైన్ అంతా ఎర్రబడుతుంది. తలంబ్రాల పాటకు కట్ చేసిన క్లిప్పులన్నీ మీడియా ఆఫ్‌లైన్. మళ్లీ లింక్ చేసుకోవచ్చు, నిజమే. కానీ ఆ పిల్లవాడి మొహంలో టెన్షన్ చూస్తే తెలుస్తుంది, వాడికి ఆ పూట ఇంక పని సాగదు.

ఇక ధర సంగతి, ఈ డిసెంబర్ 2025 లెక్కల్లో. మినీ 16 జీబీ మెమరీ, 256 స్టోరేజ్‌తో 59,900 రూపాయలు. స్టోరేజ్ 512 కావాలంటే 79,900. ఎం4 ఎయిర్ 99,900. అందులో 512 అయితే 1,19,900. అంటే ఇంకో 256 జీబీకి మీరు 20,000 తీసుకుంటున్నారు. ఇదే బజార్లో పేరున్న కంపెనీ 1 టీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) ఇందులో సగానికి కూడా చాలా తక్కువకే దొరుకుతూ వచ్చింది. మినీ ధరలో మూడో వంతు, కేవలం కాస్త స్టోరేజ్ పెంచడానికి! విద్యార్థులకు మీరిచ్చే పదివేల తగ్గింపు చాలా మంచి పని, దానివల్ల మినీ 49,900కు, ఎయిర్ 89,900కు వస్తున్నాయి. కానీ పని జరిగేంత స్టోరేజ్ తీసుకునేసరికి ఆ తగ్గింపు అక్కడే కరిగిపోతోంది.

తర్వాత ఎప్పుడైనా పెంచుకోవచ్చులే అనుకోవడానికీ వీల్లేదు. మెమరీ, ప్రాసెసర్ చిప్ ఒకే ప్యాకేజీలో కలిసి ఉంటాయి. ఎయిర్‌లో స్టోరేజ్ బోర్డు మీద అతికేసి ఉంటుంది. ఎం4 మినీలో స్టోరేజ్‌ను ఊడే మాడ్యూల్‌గా పెట్టారని విప్పి చూసినవాళ్లు చూపించారు. కానీ అది బజార్లో దొరికే మామూలు ఎన్‌వీఎంఈ కాదు, మా వీధిలో మెకానిక్ మార్చి ఇచ్చేది కాదు. కొన్న రోజు తీసుకున్న నిర్ణయమే ఆ కంప్యూటర్ ఉన్నంతకాలం ఉంటుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు, ఇంకా ఒక్క పెళ్లి కూడా పూర్తిగా ఎడిట్ చేయనివాడు, ఐదేళ్ల తర్వాత తనకెంత చోటు కావాలో ఆ రోజే తేల్చుకోవాలి.

మీ బేస్ మోడల్ చరిత్ర చూస్తే నాకు ఆశ కలుగుతుంది, బాధా కలుగుతుంది. 2018లో ఎయిర్, మినీ రెండూ 128 జీబీతో మొదలయ్యాయి. 2020 మార్చిలో రెండింటినీ 256 చేశారు. ఆ తర్వాత ఇంటెల్ చిప్‌లు పోయి మీ సొంత ఎం1 వచ్చింది, ఎం2, ఎం3, ఎం4 వచ్చాయి. 256 అక్కడే ఉంది. ఈలోగా కెమెరాలు 1080 నుంచి 4కేకి వెళ్లాయి. మీ ఐఫోనే ప్రోరెస్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టింది. ఈ సెప్టెంబర్‌లో ఐఫోన్ 17ను 256తో మొదలుపెట్టారు. చాలా సంతోషం. అయితే ఇప్పుడు మీ ఫోనుకూ మీ కంప్యూటర్‌కూ ఒకటే స్టోరేజ్. నిండిన ఫోన్‌ను తెచ్చి ఖాళీ చేసుకుందామంటే ఆ కంప్యూటర్‌లో పట్టదు. జేబులో పట్టే వస్తువుకు చాలా తక్కువని మీరే తేల్చిన 128ని తీసేసినప్పుడు, బల్ల మీద ఉండే వస్తువు కూడా ఒక మెట్టు ఎక్కాలి కదా.

ఆశ ఎందుకంటే, మెమరీ విషయంలో మీరిది చేసి చూపించారు. 8 జీబీ చాలదని అందరూ మొత్తుకున్నారు. 2023 నవంబర్‌లో మీ మార్కెటింగ్ పెద్దలొకరు మ్యాక్‌లో 8 జీబీ అంటే వేరే కంప్యూటర్లలో బహుశా 16తో సమానమన్నారు. ఏడాది తిరక్కముందే, 2024 అక్టోబర్‌లో ఎం4తో పాటు అన్నింటికీ 16 జీబీ చేశారు. అప్పటికి అమ్మకంలో ఉన్న ఎం2, ఎం3 ఎయిర్‌లకు కూడా అదే ధరకు 16 ఇచ్చారు. ఆ నెలలో నా దగ్గరున్న పిల్లలు ఎంత సంబరపడ్డారో నేను కళ్లారా చూశాను. "ఏది కొనమంటారు సార్" అని అడిగితే మొదటిసారి తడుముకోకుండా "బేస్ మోడల్ తీసుకోండి, సర్దుకోవచ్చు" అని చెప్పగలిగాను. ఆ మాటలోంచి "సర్దుకోవచ్చు" తీసేసే అవకాశం ఇవ్వమనే ఇప్పుడు అడుగుతున్నాను.

బేస్ మోడల్ మీద ఇంత పట్టు ఎందుకని మీరు అడగొచ్చు. ఎక్కువ కావలసినవాళ్లు ఎక్కువ మోడల్ కొనుక్కుంటారు కదా అనొచ్చు. ముంబై, ఢిల్లీలో 2023 నుంచి మీ సొంత స్టోర్లు ఉన్నాయి. ఈ సెప్టెంబర్‌లో బెంగళూరు, పుణెల్లో తెరిచారు, ఈ నెలలో నోయిడాలో తెరిచారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో మీ సొంత స్టోర్ ఒక్కటీ లేదు. విశాఖలో మ్యాక్ కొనడమంటే ద్వారకానగర్ వైపో, డైమండ్ పార్క్ వైపో ఏదో షాపుకి వెళ్లడం. అక్కడ స్టాకులో ఎక్కువగా ఉండేది బేస్ మోడలే. బ్యాంకు ఆఫర్, నో కాస్ట్ ఈఎంఐ, పండగ తగ్గింపు అన్నీ ముందు దానికే వస్తాయి. వేరే కాన్ఫిగరేషన్ కావాలంటే ఆర్డర్ పెట్టాలి, ఆగాలి, ఆఫర్ వదులుకోవాలి. కాబట్టి మా ఊళ్లో బేస్ మోడల్ అంటే మీ జాబితాలో మొదటి వరస ఒక్కటే కాదు. చాలామందికి అదే మ్యాక్.

పైగా ఈ ఏడాది కొనేవాళ్లు పెరిగారు. అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. పాత పీసీలు విండోస్ 11కి ఎక్కవు. ఫోటో స్టూడియోలు, ట్యూషన్ సెంటర్లు, చిన్న ఆఫీసులు ఎలాగూ కొత్తది కొనాలి గనక మినీ వైపు చూస్తున్నాయి. అను అనే తెలుగు ఫాంట్ల మీద నడిచే డీటీపీ షాపులు విండోస్ వదిలి రాలేవు, అది వేరే కథ. మిగిలినవాళ్లలో మొదటిసారి మ్యాక్ పట్టుకునేవాళ్లే ఎక్కువ. మొదటి మ్యాక్ ఆర్నెల్లలో నిండిపోతే వాళ్లు రెండోది కొనరు.

అదే అక్టోబర్ 14న మా ఊరికి ఇంకో పెద్ద వార్త వచ్చింది. విశాఖలో ఏఐ హబ్ కట్టడానికి ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని గూగుల్ ప్రకటించింది. అదానీ, ఎయిర్‌టెల్ భాగస్వాములు. ఊరంతా సంబరపడింది, నేనూ పడ్డాను. కానీ కంప్యూటర్లు కొనేవాడిగా నాకు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ప్రపంచమంతా ఇలాంటి డేటా సెంటర్లే మెమరీ చిప్‌లను గంపగుత్తగా కొనేస్తున్నాయి. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ తమ ఫ్యాక్టరీలను ఏఐ సర్వర్లకు కావలసిన మెమరీ వైపు తిప్పుతున్నాయి. మామూలు ర్యామ్, ఎస్‌ఎస్‌డీల ధరలు పైకి ఎగబాకుతున్నాయి. ఈ నెల 3న మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్ అమ్మకాలనే ఆపేస్తున్నట్టు చెప్పింది. పిల్లలు నేర్చుకోవడానికి వాడే రాస్ప్‌బెర్రీ పై బోర్డులకు కూడా ఈ నెల 1న ధర పెరిగింది.

నా భయమంతా ఇక్కడే ఉంది. వచ్చే మార్చిలో మీరు వేదిక మీదికి వచ్చి ఎం5 ఎయిర్ చూపించేటప్పుడు మెమరీ ధరలు మండిపోతుంటాయి. అలాంటప్పుడు 256 ఇంకో రెండేళ్లు కొనసాగించడానికి అది మంచి సాకు అవుతుంది. లేదా 512 ఇచ్చి ఆ ఇరవై వేలూ ధరలో కలిపేస్తారు. దయచేసి రెండూ చేయకండి. మీరు కొనేంత మెమరీ కొనే కంపెనీలు ప్రపంచంలో చాలా తక్కువ. నెలల ముందే ఒప్పందాలు చేసుకుని, బేరమాడి కొనగలిగినవాళ్లు మీరు. ద్వారకానగర్‌లో పీసీ అసెంబుల్ చేసే కుర్రాడికి ఆ బలం లేదు. ఈ వారం ర్యామ్ రేటు ఒకటి చెప్పి వచ్చే వారం ఇంకోటి చెప్పాల్సి వస్తోంది వాడికి. మిగతా అందరూ ధర పెంచుతున్న ఈ ఏడాదే మీరు నిలబడి 512 ఇస్తే మినీ కంటే మంచి బేరం మార్కెట్‌లో ఉండదు.

ఇంకో మాట వినిపిస్తోంది. ఐఫోన్ చిప్‌తో చౌక మ్యాక్‌బుక్ ఒకటి తయారవుతోందని మీ ఉత్పత్తుల గురించి రాసే విశ్లేషకుడు మింగ్-చీ కువో ఈ జూన్‌లో రాశారు, 2026 మొదటి సగంలో రావచ్చని నవంబర్‌లో బ్లూమ్‌బర్గ్ రాసింది. ఏ18 ప్రో చిప్, 13 అంగుళాల తెర అంటున్నారు. ఇది నిజమైతే మా ఊరికి ఎయిర్ కంటే ఇదే పెద్ద వార్త అవుతుందని నా అభిప్రాయం. మినీ చౌకే గానీ దానికి మానిటర్ కావాలి, కీబోర్డు కావాలి, యూపీఎస్ కావాలి. విశాఖలో యూపీఎస్ లేకుండా డెస్క్‌టాప్ మీద రెండర్ పెట్టడం కుదరదు. మొన్న అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వచ్చింది, 2014లో హుద్‌హుద్ ఏం చేసిందో ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. రూమ్‌లో ముగ్గురు నలుగురు కలిసి ఉండే పిల్లలకు మడిచి సంచిలో పెట్టుకునే కంప్యూటరే కావాలి, కరెంటు పోయినా నాలుగు గంటలు నడిచేదే కావాలి.

అయితే ఏ18 ప్రో ఉన్న ఐఫోన్ 16 ప్రోలో మెమరీ 8 జీబీయే. ఆ ల్యాప్‌టాప్‌లో కూడా 8 పెట్టి, 256 పెట్టి, చౌక కాబట్టి సర్దుకోండి అంటారేమోనని దిగులుగా ఉంది. కాలేజీ నోట్సులకు, బ్రౌజింగ్‌కి అది సరిపోవచ్చు. కానీ చౌక కంప్యూటర్ కొనేవాళ్లకు పెద్ద పనులు ఉండవనుకోవడం సరికాదు. మా దగ్గర అత్యంత చౌక కంప్యూటర్ కొనేవాడే దాని మీద అత్యంత బరువైన పని చేస్తాడు, ఎందుకంటే వాడికి ఉన్నది అదొక్కటే. ఏ18 ప్రో ప్రాసెసర్ బలహీనమైనదేమీ కాదు. దానికి మెమరీ, స్టోరేజ్ ఇవ్వకుండా కట్టేయకండి. మరీ కుదరకపోతే స్టోరేజ్ అయినా 512 ఆప్షన్ ఇరవై వేలు కాకుండా ఏడెనిమిది వేల తేడాలో ఇవ్వండి.

నర్సీపట్నం అవతల ఊరి నుంచి ఒక రైతు తన కొడుకును చేర్చడానికి వచ్చి ఫీజు గురించి అడగలేదు. నేను వాడుతున్న మినీ వైపు చూపించి, "ఇది ఎన్నేళ్లు కాస్తాదండీ మాస్టారూ?" అన్నాడు. జీడిమామిడి తోట మీద వచ్చిన డబ్బు పెట్టి కొనబోతున్నాడు. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. నేను చెప్పగలిగింది అంచనా మాత్రమే.

ఎందుకంటే మీరు చెప్పరు. గూగుల్ పిక్సెల్ 8 నుంచి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ముందే చెప్పింది, శామ్‌సంగ్ ఎస్24 నుంచి అదే మాట ఇచ్చింది, క్రోమ్‌బుక్‌లకు పదేళ్లన్నారు. మ్యాక్‌కి అలాంటి తేదీ ఏదీ పెట్టె మీద ఉండదు. ఇంటెల్ చిప్ ఉన్న మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ టాహోయే చివరి సిస్టమ్ అని ఈ జూన్‌లో చెప్పారు, ఇంటెల్ యాప్‌లను కొత్త మ్యాక్‌ల మీద నడిపే రొజెట్టా మ్యాక్‌ఓఎస్ 27 దాకా ఉంటుందన్నారు. ముందుగా చెప్పినందుకు కృతజ్ఞతలు. కానీ 27 అంగుళాల ఇంటెల్ ఐమ్యాక్‌ను మీరు 2020 ఆగస్టులో కొత్తగా విడుదల చేశారు. సొంత చిప్‌లకు మారుతున్నామని ప్రకటించిన ఆరు వారాలకు! అది కొన్నవాడికి ఆ రోజే ఒక సంవత్సరం చెప్పి ఉంటే కొనాలో వద్దో వాడే తేల్చుకునేవాడు. ఎం5 ఎయిర్ పెట్టె మీద "ఫలానా సంవత్సరం దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు" అని ఒక్క ముక్క రాయండి. ఆ రైతుకు నేను ధైర్యంగా జవాబు చెప్తాను.

కొత్త మోడళ్ల విషయంలో మీ గుట్టు మీకు అవసరమే, కాదనను. అయినా అవసరమని తోచినప్పుడు మీరూ ముందే చెప్పారు. 2017 ఏప్రిల్‌లో విలేకరులను కొందరిని పిలిచి మ్యాక్ ప్రో విషయంలో దారి తప్పామని ఒప్పుకున్నారు. కొత్తది తయారవుతోందని, ఆ ఏడాది రాదని చెప్పారు. అది 2019 డిసెంబర్‌లో వచ్చింది. మ్యాక్ ప్రో కొనే పెద్ద స్టూడియోల కోసం చూపిన ఆ గౌరవం మినీ కొనేవాళ్లకూ చూపండి. ఏ నెలలో వస్తుందో చెప్పనక్కర్లేదు. వచ్చే తరం నుంచి ఏ మ్యాక్‌లోనూ 256 ఉండదని ఒక్క మాట చెప్తే చాలు, కొనేవాళ్లు కొంటారు, ఆగేవాళ్లు ఆగుతారు.

తెలుగు ఊరి నుంచి వచ్చే మాట మీదాకా చేరదని నేను అనుకోను. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న మా అక్షరం ఒక రకంగా టైప్ అయి మెసేజ్‌లో వస్తే చాలు, మీ ఐఫోన్లలో, మ్యాక్‌లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆ సంగతి బయటపడిన కొద్ది రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేశారు, మ్యాక్‌కి కూడా సవరణ ఇచ్చారు. సమస్య మీ కంటపడితే మీరు ఎంత వేగంగా కదులుతారో అప్పుడు చూశాం.

ప్రస్తుతానికి నేను పిల్లలకు ఇలా చెప్తున్నాను. చేతిలో పని ఉండి, ఆ పని డబ్బు తెచ్చిపెట్టేదైతే మినీ ఇప్పుడే కొనుక్కోండి, మెమరీ ధరలు పెరుగుతున్నాయి, మినీ మళ్లీ ఎప్పుడు మారుతుందో లెక్కకు అందదు. బయటి ఎస్‌ఎస్‌డీకి కూడా డబ్బు పక్కన పెట్టుకోండి. ఎయిర్ కొనాలనుకునేవాళ్లు మాత్రం మార్చి దాకా ఆగండి, అప్పటిదాకా క్లాసులో ఉన్న మెషిన్లు వాడుకోండి. ఇంటర్, డిగ్రీ పరీక్షలు అయ్యాక జూన్‌లో నా కొత్త బ్యాచ్ మొదలవుతుంది. చేరేటప్పుడు ప్రతి ఒక్కరికీ ఏ కంప్యూటర్ కొనాలో రాసిన కాగితం ఇస్తాను. ఈసారి ఆ కాగితం ఏప్రిల్‌లో, మీ కొత్త ఎయిర్ బేస్ మోడల్ వివరాలు చూశాకే అచ్చు వేయిస్తాను.

ఇట్లు,
ఒక వీడియో ఎడిటింగ్ మాస్టారు
అక్కయ్యపాలెం, విశాఖపట్నం